రెండు క్యాన్ల ఉప్పు నీళ్లు

రాయలసీమ నుంచి నెల్లూరికి నీళ్లు మోసుకుపోయిన వాళ్లు ఈ లోకంలో మేమిద్దరమే అయివుంటాం. ఒకణ్ణి నేను; ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. రెండోవాడు మా తమ్ముడు. జమ్మలమడుగు దగ్గర మా పల్లెలో సేద్యం చేసుకునేవాడు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు కాళ్ల దగ్గర పెట్టుకుని బస్సులో కూర్చున్నాం.

కండక్టరు వచ్చి క్యాన్ల వంక చూశాడు.

"ఏంది సార్, నూనెనా?"

"కాదు, నీళ్లు."

"మంచి నీళ్లా?"

"ఉప్పు నీళ్లు."

అతను నా కళ్లజోడూ, నా పుస్తకాల సంచీ ఒకసారి పరకాయించి చూసి, మరో మాట లేకుండా రెండు టిక్కెట్లు కొట్టి ముందుకు వెళ్లిపోయాడు. సముద్రం వున్న జిల్లాకు ఉప్పునీళ్లు పట్టుకుపోయేవాడితో మాటలెందుకని అనుకున్నాడు కాబోలు.

అసలు సంగతి మొదటి నుంచీ చెబుతాను.

మా పల్లెలో మాకు మూడెకరాల నల్లరేగడి చేను వుంది. ఎనిమిదేళ్ల కిందట తమ్ముడు అందులో బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. మా వైపు బోరులో నీళ్లు పడ్డాయంటే ఇంట్లో పెళ్లి జరిగినట్లే. అందరూ సంతోషించారు, మా అమ్మ తప్ప. ఆవిడ చెంబెడు నీళ్లు తెప్పించి, ఎసరు పెట్టి కందిపప్పు వేసింది. గంటసేపు మండినా పప్పు గింజ గింజగానే వున్నది. "నీళ్లయితే పడినాయి గానీ, ఇవి మన మాట వినే నీళ్లు గాదురా" అన్నది అమ్మ. సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఉడకకపోవడం, ఈ రెండే మా వైపు ఆడవాళ్ల నీటి పరీక్షలు. ఈ పరీక్షల్లో తప్పిన నీళ్లు పైపరీక్షలు పాసు కావడం అరుదు.

అమ్మ మాట నిజమయింది. నాలుగేళ్లు ఏదో పండింది. తరువాత నేల పైన బూడిద రంగు పెచ్చు కట్టసాగింది. విత్తనం వేస్తే మొలక పైకి రాదు. వచ్చినా ఆకు అంచులు మాడిపోయేవి. చేను చౌడు బారింది.

అటువంటి రోజుల్లో తమ్ముడితో కలిసి హాస్టల్లో చదువుకున్న నెల్లూరి మిత్రుడొకాయన ఏదో పెళ్లిలో కలిశాడట. ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. "మీ బోరు ఉప్పగా వుందని ఏడుస్తావేంది అబ్బయ్యా? మేం అట్టాంటి నీళ్లతోనే రొయ్యలు పండిస్తున్నాం" అన్నాడట. ఆ ఒక్క మాట మావాడి బుర్రలో గుంట తవ్వేసింది. ఎకరంలో రొయ్యల గుంట! మా జిల్లాలో ఎవరూ చేయని పని! ఖర్చులో సగం పులివెందుల బావ చీనీకాయలు అమ్మగానే చేబదులిస్తానన్నాడు. మిగతా సగానికి మా మరదలి బంగారం వుంది.

ప్రొద్దుటూరు బంగారం సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ వూరిని రెండో బొంబాయి అంటారు. కొనేవాళ్లు ఎంతమంది వస్తారో, కుదువ పెట్టేవాళ్లూ అంతమంది వస్తారు. తమ్ముడూ మరదలూ ఒక ఉదయం మా యింటికి వచ్చారు. మరదలు చిన్న గుడ్డమూట బల్లమీద పెట్టింది. పెళ్లినాడు ఇదే వూళ్లో కొన్న గొలుసు, నాలుగు గాజులు. అంగట్లో నాకు తెలిసినవాళ్లున్నారు గనుక నేను వెంట రావాలి, కాగితంమీద నేనూ ఒక సంతకం పెట్టాలి.

"నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి తలవంచుకుని, "నీళ్లు మంచివయితే ఇష్టమే బావగారూ" అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నీళ్లు మంచివో కాదో తెలుగు పంతులికి ఎలా తెలుస్తుంది? మూట బీరువాలో పెట్టించి, "ముందు నీళ్లను చూపించుకు వద్దాం, తరువాతే సంతకం" అన్నాను. అందుకే ఆ క్యాన్ల ప్రయాణం.

మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు దాటి నెల్లూరు చేరాం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల పక్కన పారే పెన్నమ్మ కూడా చివరకు నెల్లూరు మీదుగానే సముద్రంలో కలుస్తుంది. ఆవిడ దారి ఆవిడది, మా దారి మాది, గమ్యం మాత్రం ఒకటే. వూరికి తూర్పున కనుచూపు మేర గుంటలు. గుంటల్లో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్లను చిలుకుతున్నాయి. రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు అవే.

ఇక్కడ రెండు ముక్కలు చెబితే తరువాతి కథ సులువుగా అర్థమవుతుంది. ఇప్పుడు మన గుంటల్లో ఎక్కువగా పెరిగేది వనామీ రొయ్య. ఇది మన సముద్రానిది కాదు. మెక్సికో నుంచి పెరూ వరకూ వున్న పసిఫిక్ తీరం దీని పుట్టిల్లు. అంతకుముందు మనవాళ్లు పెంచింది టైగర్ రొయ్య. 1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చల వైరస్ తగిలి ఆ పంట తుడిచిపెట్టుకుపోయింది. అప్పుడు మునిగిన కుటుంబాలు కోస్తాలో ఎన్నో. 2009లో వనామీకి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఈ రొయ్యకు ఒక గొప్ప గుణం వుంది. సముద్రమంత ఉప్పులోనూ బతుకుతుంది, చాలా కొద్దిపాటి ఉప్పులోనూ సర్దుకుంటుంది. అందుకే సముద్రానికి దూరంగా కూడా బోరు నీళ్లతో దీన్ని పెంచసాగారు. సర్దుకుంటుంది అన్నాను గదా, ఆ సర్దుకోవడంలోనే అసలు చిక్కంతా వున్నది.

మిత్రుడు ఆప్యాయంగా ఎదురు వచ్చాడు. కాఫీలయ్యాక మా క్యాను మూత తీసి, రెండు చుక్కలు ఒక గొట్టంలాంటి పరికరం అద్దం మీద వేసి, కంటికి ఆనించుకుని వెలుతురు కేసి చూశాడు. "నాలుగు" అన్నాడు. అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో నాలుగు పాళ్లు ఉప్పు. సముద్రంలో అది సుమారు 35 వుంటుంది.

తమ్ముడి ముఖం వెలిగిపోయింది. "నాలుగు చాలు గదా! నువ్వే చెప్పినావు."

మిత్రుడు మాత్రం నవ్వలేదు. "అబ్బయ్యా, ఈ నాలుగే నా కొంప ముంచింది" అన్నాడు.

నాలుగేళ్ల కిందట ఆయన కొత్తగా ఒక బోరు వేయించాడట. కొలిచి చూస్తే నాలుగు. పక్కవాళ్ల గుంటలో కూడా నాలుగే, వాళ్లకు పంట బ్రహ్మాండంగా వస్తున్నది. ధైర్యంగా పిల్ల వదిలాడు. మూడో వారం నుంచి రొయ్యలు మేత ముట్టడం తగ్గించాయి. వల వేసి పైకి తీస్తే తోక దగ్గర కండ తెల్లబడి, ఒళ్లు విల్లులా వంగి బిగుసుకుపోయేది. కుబుసం విడిచిన రొయ్య పెంకు గట్టిపడేలోపలే చనిపోయేది. ఏదో రోగమనుకున్నాడు. ఎవరు ఏ సీసా చెబితే ఆ సీసా కొని గుంటలో పోశాడు. నలభై రోజులకు గుంట ఖాళీ. అప్పుల వాళ్లు మాత్రం ఖాళీ కాలేదు. చివరకు ఎవరో చెప్పగా నీళ్లను లాబొరేటరీలో పరీక్ష చేయించాడు. రోగమూ లేదు, వైరస్సూ లేదు. నీళ్లలో ఉప్పు వున్నది గానీ ఆ ఉప్పులో పొటాషియం లేదు!

"ఉప్పు వుండి, ఉప్పు లేకపోవడమేమిటి?" అని అడిగాను. నా అజ్ఞానానికి ఆయన నవ్వి, "సార్, పులుసులో ఉప్పు సరిపోయినంత మాత్రాన పులుసు కుదురుతుందా?" అన్నాడు.

ఆ పోలిక నాకు అప్పుడు బాగా అందింది. మనం నాలుక మీద 'ఉప్పు' అనుకునేది ఒక్క వస్తువు కాదు. సోడియం, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ కలిసిన సంసారం అది. సముద్రంలో ఈ సంసారానికి ఒక కట్టుబాటు వుంది. 1872లో ఛాలెంజర్ అనే ఇంగ్లీషు ఓడ ప్రపంచపు సముద్రాలను శోధించడానికి బయలుదేరి 1876లో తిరిగి వచ్చింది. అది తెచ్చిన నీళ్లలో 77 నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఒకచోట ఉప్పదనం ఎక్కువ, ఒకచోట తక్కువ; కానీ ఆ ఉప్పులో ఒక్కొక్క ఖనిజం పాలు మాత్రం ఎక్కడ చూసినా దాదాపు ఒక్కటే! సోడియం ఇరవై ఎనిమిది పాళ్లుంటే పొటాషియం ఒక పాలు. కాల్షియం ఒక పాలయితే మెగ్నీషియం మూడు పాళ్లు. రొయ్య జాతి పుట్టి పెరిగింది ఆ పాళ్లలో. దాని ఒంటి లెక్కలన్నీ ఆ పాళ్లకే అలవాటుపడ్డాయి.

బోరు నీళ్ల సంగతి వేరు. అవి ఏ రాతి సందుల్లో పారితే ఆ రాతి గుణం తెచ్చుకుంటాయి. మా కడప జిల్లా రాళ్లు మీకు తెలియనివి కావు. మీ ఇంట్లో వంటగది గట్టుకు పరిచిన నల్లబండ బహుశా మా వైపుదే. అది సున్నపురాయి. వేంపల్లె వైపు డోలమైటు రాయి వుంది. దానిలో కాల్షియమూ మెగ్నీషియమూ రెండూ వుంటాయి. ఇటువంటి నేలలో తిరిగిన నీటికి కాఠిన్యం రాక మానదు. మా అమ్మ కందిపప్పు ఉడకనిది అందుకే. పొటాషియం సంగతి దీనికి తారుమారు. దాన్ని బంకమట్టి పట్టుకుంటే సులభంగా వదలదు. అందువల్ల భూమిలోపలి ఉప్పునీళ్లలో తరచు అది కరువే.

పొటాషియం కరువైతే రొయ్యకు ఏమవుతుంది? సముద్రంలో వున్న రొయ్యకు ఒంటిలోపలి ఉప్పూ బయటి ఉప్పూ మరీ దూరం కాదు. నాలుగు పాళ్ల నీళ్లలో అలా కాదు. ఒంట్లోని ఉప్పు బయటికి జారిపోతూ వుంటుంది. బయటి నీళ్లు లోపలికి చొరబడుతూ వుంటాయి. జారిపోయిన ఉప్పును మొప్పలు రాత్రింబవళ్లు లోపలికి తోడిపోస్తూ వుండాలి. ఆ తోడే యంత్రం ఒక సూక్ష్మమైన పదార్థం. సోడియాన్ని ఒక పక్కకు తోయాలంటే దానికి రెండో పక్క నుంచి పొటాషియం అందాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ దీన్ని 1957లో కనిపెట్టాడు. కనిపెట్టింది ఎక్కడనుకున్నారు? రొయ్యకు దగ్గర చుట్టమైన పీత కాలి నరాల్లో! 1997లో ఆయనకు ఇందుకు నోబెల్ బహుమానం కూడా వచ్చింది. మన ఒంట్లోనూ ఈ యంత్రమే పనిచేస్తున్నది. పొటాషియం అందకపోతే యంత్రం మొరాయిస్తుంది, కండలు బిగుసుకుపోతాయి. కుబుసం విడిచిన రోజున రొయ్యకు శ్రమ మరింత ఎక్కువ. కొత్త పెంకుకు కావలసిన ఖనిజాలను నీళ్లలోనుంచే పీల్చుకోవాలి. అప్పుడు బలహీనంగా వున్నది చచ్చిపోతుంది.

మరునాడు మా నీళ్ల రిపోర్టు వచ్చింది. దాన్ని చదవడానికి మిత్రుడొక తేలిక సూత్రం చెప్పాడు. నీటి ఉప్పదనాన్ని 10.7తో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం వుండాలో వస్తుంది. 39.1తో గుణిస్తే మెగ్నీషియం, 11.6తో గుణిస్తే కాల్షియం. అంటే మా నాలుగుకు పొటాషియం 43, మెగ్నీషియం 156, కాల్షియం 46 వుండాలన్నమాట. మా నీళ్లలో వున్నదేమిటి? కాల్షియం 150, కావలసినదానికి మూడింతలు. మెగ్నీషియం 85, సగం మాత్రమే. పొటాషియం 7! ఆరో వంతు.

తమ్ముడు కాగితాన్ని తిప్పి వెనకవైపు చూశాడు, అక్కడేమైనా మిగతాది రాసివుందేమోనని.

"దిగులుపడబాక. లేనిదాన్ని కలపొచ్చు. ముందు బకెట్లో చూద్దాం, గుంట సంగతి తరవాత" అన్నాడు మిత్రుడు.

రెండు బకెట్లు తెచ్చాడు. ఒక క్యాను ఒకదానిలో, రెండోది రెండోదానిలో పోశాడు. మొదటి బకెట్టు నీళ్లను అలాగే వుంచాడు. రెండోదానిలో ఎరువుల అంగట్లో దొరికే పొటాష్ ఒకటిన్నర గ్రాము, మందుల షాపులో దొరికే ఎప్సమ్ ఉప్పు 14 గ్రాములు కలిపాడు. ఆ పొటాష్‌ను నా అరచేతిలో వేసి చూపించాడు. చిటికెడు! గాలి గొట్టాలు పెట్టి, తక్కువ ఉప్పుకు ముందే అలవాటు చేసిన రొయ్య పిల్లల్ని ఒక్కొక్కదానిలో నూరేసి వదిలాడు. వెంట్రుకంత సన్నని ప్రాణులు. చూస్తూ కూర్చున్నాం.

మొదటి రోజు ఏమీ తేడా తెలియలేదు. తమ్ముడు రాత్రి మూడుసార్లు లేచి టార్చి వేసుకుని చూసి వచ్చాడు. రెండో రోజు తెల్లవారేసరికి మొదటి బకెట్లో పిల్లలు అడుగున పక్కకు ఒరిగివున్నాయి. సాయంత్రం లెక్కపెడితే మొదటి దానిలో బతికినవి 23. చిటికెడు వేసినదానిలో 91.

నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇంత స్పష్టంగా పాఠం చెప్పడం నాకు ఏనాడూ చేతకాలేదు.

"ఒకసారి చూసి నమ్మబాకండి. బోరు నీళ్లు కాలాన్నిబట్టి మారతాయి. ఎండాకాలం మళ్లీ తీసి చూడాలి" అన్నాడు మిత్రుడు. ఆయన నిజాయితీకి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ మాట ఆయనకు నలభై రోజుల గుంట నేర్పింది.

తిరుగు ప్రయాణంలో తమ్ముడు టిక్కెట్టు వెనక లెక్కలు వేశాడు. ఎకరం గుంట, అయిదడుగుల లోతు. అంటే 61 లక్షల లీటర్లు పైచిలుకు. లీటరుకు 36 మిల్లీగ్రాముల పొటాషియం పెంచాలి. పొటాష్ ఎరువులో అసలు పొటాషియం సుమారు సగం. మొత్తం 445 కిలోలు, తొమ్మిది బస్తాలు. మట్టి పీల్చుకునేదానికి మళ్లీ మళ్లీ వేయాలి. మెగ్నీషియం పూర్తిగా సరిచేయాలంటే ఎప్సమ్ ఉప్పు 44 క్వింటాళ్లు తేలింది. మావాడు గుడ్లు తేలేసి మళ్లీ కూడాడు, మళ్లీ అంతే వచ్చింది. అయితే అంతా అక్కరలేదనీ, ముందు పొటాషియం చూసుకుని మెగ్నీషియం కొంత పెంచితే రొయ్య సర్దుకుంటుందనీ మిత్రుడు చెప్పాడు. ఖర్చు పెరిగినా మావాడి ఉత్సాహం తగ్గలేదు. ప్రొద్దుటూరు చేరాక నేనూ కొంత చదివాను. అమెరికాలో సముద్రానికి ఎంతో దూరాన పశ్చిమ అలబామా రైతులు బోరు నీళ్లతో రొయ్యలు పెంచబోయి ఇలాగే దెబ్బతిన్నారు. ఔబర్న్ విశ్వవిద్యాలయపు క్లాడ్ బాయ్డ్ వంటి శాస్త్రజ్ఞులు పరిశోధించి, పొటాష్ కలిపే పద్ధతి నిలబెట్టారు. మన దేశంలో హర్యానాలో రోహ్‌తక్ దగ్గర లాహ్లీలో కేంద్ర మత్స్య విద్యా సంస్థవారు అక్కడి ఉప్పు బోర్లమీద ఇదే పని చేశారు. సముద్రం ఎలా వుంటుందో చూడని హర్యానా రైతులు రొయ్యలు అమ్ముతున్నారు. ఇక మాకేం తక్కువ?

ఆ ఆదివారం పులివెందుల వెళ్లాం, బావ దగ్గర డబ్బు సంగతి ఖాయం చేసుకుందామని.

బావ పెద్దగా చదువుకోలేదు. చీనీ తోట తప్ప వేరే లోకం లేదు. అక్క పెట్టిన సంగటి తిని అరుగుమీద కూర్చుని బకెట్ల కథంతా శ్రద్ధగా విన్నాడు. విని అడిగాడు:

"రొయ్యలు బతికినాయి. సంతోషం. పంట పట్టినాక గుంటలో నీళ్లు యాడికి పోతాయి?"

"వంకలోకి" అన్నాడు తమ్ముడు.

"వంక యాడికి పోతాది?"

"పెన్నలోకి."

"పెన్నలో నీళ్లు ఎవరు తాగుతారు?"

తమ్ముడు మాట్లాడలేదు.

"వంకకు వదలకుండా గుంటలోనే వుంచితే కిందికి దిగుతాయి. పక్క చేను ఎవరిది? ఆయప్పకు చెప్పినావా?"

అంటూ లేచి మమ్మల్ని తోటలోకి తీసుకుపోయాడు. ఒక మూలన నాలుగు చీనీ చెట్లున్నాయి. ఆకుల కొనలు ఎర్రగా మాడి, కొమ్మలు బోసిగా. ఆ మూలకు పాత బోరు నీళ్లు పారేవట. ఉప్పు పెరిగింది తెలుసుకునేసరికి ఆలస్యమయింది. "చీనీ చెట్టు ఉప్పుకు ఓర్చదు. నీ రొయ్యకు తక్కువైనదేదో నువ్వు సంచీలో తెచ్చి కలుపుతావు. నా చెట్టుకు ఎక్కువైనదాన్ని ఎట్ల తీసేది?" అన్నాడు.

ఆ రాత్రి నేనే ఒక లెక్క వేశాను. లీటరుకు నాలుగు గ్రాముల ఉప్పు, 61 లక్షల లీటర్లు. ఒక్కసారి గుంట నింపితే భూమి లోపలినుంచి పైకి తెచ్చే ఉప్పు సుమారు 24 టన్నులు! రెండు లారీలకు పైన. ఎండకు నీళ్లు ఆవిరయిన కొద్దీ బోరు నీళ్లు మళ్లీ పోయాలి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. నెల్లూరి గుంటల పక్కన సముద్రం వుంది, కాలువలున్నాయి. అక్కడయినా ఈ తగాదా రాకపోలేదు. తమిళనాడుకు చెందిన గాంధేయవాది జగన్నాథన్ వేసిన దావాలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. పంట భూముల్ని రొయ్యల గుంటలుగా మార్చరాదన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన మాట. ఆ తరువాత 2005లో కేంద్రం కోస్తా గుంటలకు చట్టం తెచ్చింది. మన రాష్ట్రంలో 2020 నాటి చట్టం ప్రకారం ఆక్వా సాగుకు లైసెన్సు వుండాలి. పోతే, హర్యానా మాట. అక్కడ భూగర్భ జలం పైకి ఉబికి ఉప్పుతేలి, ఏ పైరూ రాని నేలల్లో ఆ సాగు మొదలయింది. మా చేను చౌడు బారింది నిజమే గానీ, పక్కవాళ్ల చేలు ఇంకా పచ్చగా వున్నాయి.

మరుసటి వారం తమ్ముడూ మరదలూ వచ్చారు. బీరువాలోంచి మూట తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"నీళ్లు మంచివి కావా బావగారూ?"

"నీళ్లు చెడ్డవి కావమ్మా. రొయ్యకు చిటికెడు తక్కువ. చేనుకు ఇరవై నాలుగు టన్నులు ఎక్కువ."

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి బాధ నాకు తెలుసు. రొయ్యలు చచ్చిపోయి వుంటే వాడికి ఇంత బాధ వుండేది కాదు. బతికాయి గనుకనే బాధ. పోయేటప్పుడు, "అయితే ఆ చేను అట్లే వదిలేద్దామా అన్నా?" అన్నాడు.

వదలలేదు. మట్టి పరీక్ష చేయించాం. కారు చౌడు అన్నారు. ఎనిమిదేళ్లు ఆ బోరు పారించడంవల్ల మట్టిని సోడియం ఆక్రమించుకున్నది. దాన్ని గెంటాలంటే కాల్షియం కావాలి. జిప్సం చల్లి, మడి కట్టి వాననీళ్లు నిలబెట్టి, సోడియాన్ని కిందికి దించి, జీలుగ వేసి కలియదున్నమన్నారు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. నెల్లూరి బకెట్లో చెప్పిన పాఠమే ఇది. రొయ్యకయినా రేగడికయినా ఉప్పు ఎంత అన్నది సగం ప్రశ్నే. ఏ ఉప్పు, ఏ పాళ్లలో, పోయి ఎక్కడ చేరుతుంది అన్నది మిగతా సగం.

బోరు మోటారు ఆపేశాం. ఈ ఏడు తొలకరికి జిప్సం చల్లి జీలుగ విత్తాడు తమ్ముడు. అక్కడక్కడ బోడి మచ్చలున్నా, మొత్తంమీద మొలిచింది. నేల తిరిగి దారికి రావడానికి రెండు మూడేళ్లయినా పడుతుందన్నారు. పట్టనీ. గొలుసు మరదలి మెడలో వుంది. వడ్డీ పెరగడం లేదు. ఎంతకాలమయినా ఓర్చుకోవచ్చు.

క్యాన్లు రెండూ మా అమ్మ తీసుకున్నది. మొదటి వాన కురిసిన రోజు వాటిని చూరు కింద పెట్టి నింపింది. నేను వెళ్లేసరికి పొయ్యి మీద కందిపప్పు వుంది. మూత తీసి గరిటెతో ఒకసారి మెదిపి నాకు చూపించింది. వెన్నలా వున్నది.